ఏ వీధి, ఎవరి ఇల్లు?: చలనచిత్ర కళాదర్శకుడుగా అడివి బాపిరాజు తొలిదశ

వ్యాససంగ్రహం

కవిగా, నవలాకారుడుగా, చిత్రకారుడుగా అడివి బాపిరాజు (1895-1952) పొందిన పేరు చలనచిత్ర కళాదర్శకుడుగా ఆయన చేసిన పనిని దాదాపు కప్పివేసింది. సాహిత్య చరిత్రలలో ఆ పని ఒక వాక్యంతో ముగుస్తుంది. సినిమా చరిత్రలలో చిత్రాల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. తెలుగు నాటకరంగం వాడిన రంగుల తెరల సంప్రదాయం, రాజమహేంద్రవరం, బందరు చిత్రకళాభ్యాసం, 1930లనాటి స్టూడియో పరిస్థితులు అనే మూడింటి నడుమ ఆ పనిని ఉంచి చూడడం ఈ వ్యాస ప్రయత్నం. కథ ఒక నిర్దిష్టమైన చోటునూ కాలాన్నీ కోరినప్పుడే కళాదర్శకుని అవసరం పుడుతుందని, బాపిరాజు అభ్యాసమంతా ఆ అవసరానికి తగినదైనా ఆయనకు తొలుత దొరికిన కథలు దానిని కోరలేదని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: అడివి బాపిరాజు, కళాదర్శకత్వం, రంగాలంకరణ, జగన్నాథ విలాసినీ సభ, ఆంధ్ర జాతీయ కళాశాల, పల్నాటి యుద్ధం.

1. బొంకులదిబ్బకు తెర లేదు

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమైంది. ఆనందగజపతి మహారాజు ఆదరణలో జగన్నాథ విలాసినీ సభవారు దానిని ఆడారు. నాటకం 1897లో అచ్చయింది. 1909లో బాగా పెరిగి, మారిన రూపంలో మళ్లీ వచ్చింది. ఆ నాటకంలోని భాషను గురించి, సంఘసంస్కరణను గురించి వెలువడిన చర్చ అపారం. రంగాలంకరణ దృష్టితో చూసినవారు తక్కువ. నేడు అందరూ చదివే 1909 నాటి రూపంలో తొలి రంగం విజయనగరంలోని బొంకులదిబ్బ. ఆ తరువాత కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం, విశాఖపట్నం వస్తాయి. ఇవి అప్పటి ప్రేక్షకులు పోల్చుకోగలిగిన చోట్లు, లేదా పోల్చుకోగలిగిన తరహా ఊళ్లు. 'ఒక నగరంలో ఒక వీధి' అని రాసి ఊరుకోవడం గురజాడకు ఇష్టం లేకపోయింది.

అప్పటి నాటక సమాజాల వద్ద ఉన్న సామగ్రి మాత్రం వేరు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు సీమలో ప్రదర్శనలిచ్చిన తరువాత రంగుల తెరలతో, పక్కతెరలతో నాటకం ఆడడం ఇక్కడ వ్యాపించింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం నాటక ప్రదర్శనకు పూనుకోవడానికీ ఆ సమాజం రాకే ప్రేరణ. సమాజం పెద్దదైనా చిన్నదైనా దాని తెరలు కొన్నే: దర్బారు, అంతఃపురం, ఉద్యానవనం, అడవి, వీధి. హరిశ్చంద్రుడు నడిచిన వీధీ, చారుదత్తుడు నడిచిన వీధీ ఒక్కటే తెర. దుష్యంతుడు వేటాడిన అడవిలోనే నలుడు దమయంతిని విడిచిపెడతాడు. ప్రేక్షకునికి అది లోపంగా తోచలేదు. పురాణకథకు ఊరి పేరు ఉంటుంది గాని ఊరి ఆనవాలు ఉండదు. తెరమీది అడవి ఏ అడవి అని అడిగే అవసరం రాలేదు.

బొంకులదిబ్బ మీద గిరీశం నిలబడినప్పుడు ఆ అవసరం వచ్చింది. విజయనగరంలో ఆడే నాటకంలో విజయనగరమే రంగమైతే, గూట్లోంచి తీసిన పాత వీధి తెర అబద్ధమాడుతుంది. ఏ వీధి, ఎవరి ఇల్లు, ఏ సంవత్సరం అన్న ప్రశ్నలు మొదలైన చోటే తెర రాసే పని ముగిసి, తరువాతి కాలంలో కళాదర్శకత్వం అనిపించుకున్న పని మొదలవుతుంది. తెలుగులో ఆ ప్రశ్నను రచయిత ముందుగా అడిగాడు. జవాబు చెప్పగల చిత్రకారుడు రంగస్థలానికి అప్పటికి రాలేదు. కన్యాశుల్కం అచ్చయ్యేనాటికి అడివి బాపిరాజు వయస్సు రెండేళ్లు.

2. తెరల నుండి కట్టడాలకు

ఇతర భాషలలో ఈ మార్పు ఎలా జరిగిందో క్లుప్తంగా గమనించాలి. కొల్హాపూరులో బాబూరావు పెయింటరు, ఆయన జ్ఞాతి ఆనందరావు మరాఠీ నాటక సమాజాలకు తెరలు రాసిన చిత్రకారులు. బాబూరావు మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ స్థాపించి 1920లో 'సైరంధ్రి' తీశాడు. తెర రాయడంలో ఆరితేరిన మనిషి చలనచిత్రంలో రంగుల తెరను పక్కకు నెట్టి, లోతు ఉన్న కట్టడాలను నిలబెట్టడం విశేషం. కెమెరా ముందు చదునైన తెర చదునుగానే కనిపిస్తుందని తెరను బాగా ఎరిగినవాడికే ముందుగా తెలిసింది. ఆయన శిష్యులైన దామ్లే, ఫత్తేలాల్‌లు ఆ విద్యను ప్రభాత్ సంస్థకు తీసుకువెళ్లారు. బెంగాల్‌లో చారు రాయ్ చిత్రకారుడుగా శిశిర్ కుమార్ భాదుడీ నాటకరంగానికి పనిచేసి, ఆపైన చలనచిత్రాలకు మళ్లాడు.

తెలుగువారికి ఇటువంటి క్రమం ఏర్పడలేదు. తెరల విద్య ఉన్నది. 1885లో మొదలైన సురభి సమాజాలు రంగుల తెరలనూ మాయాదృశ్యాలనూ తరతరాలుగా కాపాడుకున్నాయి. అయితే మాటలు నేర్చిన తెలుగు సినిమాకు తొలి సంవత్సరాలలో సొంత స్టూడియో లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైంది. సి. పుల్లయ్య 'సతీ సావిత్రి' (1933), 'లవకుశ' (1934) చిత్రాలను కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ తరఫున తీశాడు. మద్రాసులో తొలి టాకీ స్టూడియో వెలసినది 1934లో. నటులు, గాయకులు, రచయితలు ఇక్కడినుండి రైలెక్కి వెళ్లేవారు. సెట్టు వేసేవారు అక్కడే ఉండేవారు. అందువల్ల తొలినాటి తెలుగు పౌరాణిక చిత్రాలలో మాట తెలుగు, పాట తెలుగు, స్తంభం మాత్రం బెంగాలీదో మరాఠీదో అయ్యేది. దీనిని అప్పటివారు పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునేందుకు తగిన చూపు ఉన్నవారు చిత్రసీమకు దూరంగా రాజమహేంద్రవరంలో, బందరులో ఉన్నారు.

3. కూల్డ్రే తరగతి, ప్రమోదకుమారుని గది

బాపిరాజు 1895 అక్టోబరు 8న పశ్చిమగోదావరి సీమలోని భీమవరం ప్రాంతంలో జన్మించాడు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో ఆయన చదువు సాగిన రోజులలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలు. 1909 నుండి 1919 వరకు ఆ పదవిలో ఉన్న ఈ ఆంగ్లేయుడు స్వయంగా చిత్రకారుడు, రచయిత. ఆయన విద్యార్థులను గోదావరి గట్లకూ, పాత గుడులకూ వెంటబెట్టుకుని వెళ్లాడు. ఉన్నదానిని ఉన్నట్టు చూడడం, చూసినదానిని గీతలో పెట్టడం నేర్పాడు. దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారు. వీరిలో దామెర్ల 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి, తిరిగివచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచితో మరణించాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. ఆయన బతికి ఉంటే తెలుగు సినిమా ఎలా ఉండేదన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న కాదు. కాని ఆయన చిత్రాలలోని తెలుగు స్త్రీల కట్టూ బొట్టూ నిలుపూ చూసినవారికి ఆ ఊహ రాక మానదు.

బాపిరాజు దారి అంత సూటిగా సాగలేదు. పట్టభద్రుడయ్యాడు, న్యాయశాస్త్రం చదివాడు, సహాయనిరాకరణోద్యమంలో జైలుకు వెళ్లాడు, భీమవరంలో కొంతకాలం వకీలుగా ఉన్నాడు. వీటి మధ్య బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని వద్ద చిత్రకళ అభ్యసించాడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యల కృషితో వెలసిన ఆ కళాశాలలో చిత్రలేఖనం చదువులో ఒక భాగం. ప్రమోదకుమారుడు బెంగాల్ చిత్రకళా ఉద్యమానికి చెందినవాడు. నీటిరంగులను పూసి, కడిగి, మళ్లీ పూసే పద్ధతి, పొడవైన మెత్తని రేఖ, పురాణ విషయాలపై మక్కువ ఆయన వద్దనుండి తెలుగు చిత్రకారులకు వచ్చాయి. బాపిరాజు 'శబ్దబ్రహ్మ', 'ఆనందతాండవం' వంటి చిత్రాలలో ఆ ప్రభావం స్పష్టం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కూల్డ్రే నేర్పినది ఎదుట ఉన్నదానిని చూడడం. ప్రమోదకుమారుడు నేర్పినది ఎదుట లేనిదానిని ధ్యానించడం. ఈ రెండు అభ్యాసాలూ బాపిరాజులో చివరిదాకా పూర్తిగా కలిసిపోలేదని చెప్పవలసి ఉంటుంది. చిత్రకారుడుగా ఇది ఆయన బలహీనత కావచ్చు. కళాదర్శకునికి మాత్రం రెండూ కావాలి. లేని నగరాన్ని ఊహించాలి. ఊహించిన తరువాత దాని గుమ్మం ఎన్ని అడుగులో వడ్రంగికి చెప్పాలి.

మూడవ అభ్యాసం పురావస్తువులది. బాపిరాజు యౌవనం తెలుగునేల తన పూర్వచరిత్రను తవ్వి తీసుకుంటున్న కాలం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం సంపాదకత్వంలో పల్నాటి వీరచరిత్ర వెలువడింది. 1919లో గిడుగు రామమూర్తి శ్రీకాకుళం సమీపాన వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని గుర్తించాడు. 1926లో నాగార్జునకొండ శిథిలాలు బయటపడ్డాయి, మరుసటి ఏట లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. అమరావతి శిల్పాలు మద్రాసు మ్యూజియంలో అప్పటికే ఉన్నాయి. అమరావతి ఫలకాలలో దుస్తుల ముడులున్నాయి, తలపాగాలున్నాయి, రథాలున్నాయి, ఎద్దులబండ్లున్నాయి, రెండంతస్తుల ఇళ్ల వరండాలున్నాయి. చరిత్రకారుడికి అవి ఆధారాలు. బాపిరాజు వంటివాడికి అవి వస్తువుల జాబితా. శాతవాహనుల కాలంలో ఒక వర్తకుని ఇంట్లో మంచం ఎలా ఉండేదన్న ప్రశ్నకు తెలుగులో మొదటిసారి చూపించదగిన జవాబు దొరికింది.

4. 1936: కలకత్తా పౌరాణికాలు

'నారాయణరావు' నవలకు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి, విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో సమంగా వచ్చింది. దాని వెనువెంటనే, 1930ల నడుమ, బాపిరాజు జీవితంలో రెండు మార్పులు వచ్చాయి. తాను చదివిన బందరు జాతీయ కళాశాలకే ప్రధానాచార్యుడయ్యాడు. చిత్రసీమతో పరిచయం ఏర్పడింది. 1936 నాటి 'అనసూయ', 'ధ్రువవిజయం' చిత్రాలకు ఆయన కళాదర్శకుడు. ఆ తరువాత 1940 నాటి 'మీరాబాయి', 1947 నాటి 'పల్నాటి యుద్ధం' వచ్చాయి. సంఖ్యలో ఇది చిన్న పట్టిక.

మొదటి రెండు చిత్రాలూ సి. పుల్లయ్య పిల్లలతో ఆడించినవి, ఒకే ప్రదర్శనలో చూపినవి. తరువాత మీర్జాపురం రాణిగా, నిర్మాతగా పేరు పొందిన కృష్ణవేణి చిన్నతనంలో 'అనసూయ'తోనే తెరకు పరిచయమైంది. పాత్రధారులు పిల్లలు కావడం కళాదర్శకుని పనిని ఎలా మారుస్తుందో ఆలోచించవలసిన విషయం. స్టూడియో గోదాములో ఉన్న సింహాసనం, తలుపు, స్తంభం పెద్దవారి కొలతకు చేసినవి. పదకొండేళ్ల అనసూయ వాటి ముందు నిలబడితే బొమ్మలకొలువులో తప్పిపోయిన పిల్లలా కనిపిస్తుంది. ఆశ్రమపు గడప, కమండలం, రాజుగారి మెట్లు అన్నీ పిల్లల ఎత్తుకు సరిపోవాలి. పాతవాటిని వాడుకునే వెసులుబాటు లేని ఇటువంటి చిత్రానికి, ప్రతిదానినీ బొమ్మగా గీసి ఇవ్వగల మనిషి అవసరం.

అప్పటి స్టూడియో పనితీరు చిత్రకారునికి కొత్త పాఠాలు నేర్పేది. సెట్టు అంటే కర్ర చట్రాలకు గోనెపట్టా, గుడ్డా బిగించి, పైన సున్నపుపూతో ప్లాస్టరో వేసి, రంగు కొట్టినది. స్తంభాల తలలూ బొమ్మలూ అచ్చుల్లో పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పైకప్పు ఉండదు, దీపాలు అక్కడినుండి దిగాలి. మూడు గోడలే ఉంటాయి, నాలుగవ వైపు కెమెరా ఉంటుంది. మాటల సినిమా వచ్చాక మరొక నియమం చేరింది. బోలుగా ఉన్న గోడ ప్రతిధ్వనిస్తుంది, మైకు దానిని పట్టుకుంటుంది. ఇక రంగుల సంగతి. నలుపు తెలుపు ఫిల్ముపై ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఒకే బూడిదరంగుగా దిగవచ్చు. తెల్లని గోడ దీపకాంతిలో వెలిగిపోయి నటుని ముఖాన్ని మింగుతుంది. అందుకే తెలుపుగా కనిపించవలసినదానికి లేత పసుపో, లేత నీలమో వేసేవారు. రంగుల పేర్లను మరచి, వెలుగు నీడల మోతాదులో ఆలోచించడం నేర్చుకోవాలి. నీటిరంగులను కడిగి కడిగి మసక వెలుతురును సాధించే బందరు పద్ధతికి స్టూడియో దీపాల కఠినమైన వెలుగు సరిగ్గా ఎదురు. రేఖ మాత్రం నిలిచింది. బాపిరాజు శైలిలో కెమెరాకు పనికివచ్చిన గుణం ఆ పొడవైన రేఖే అనుకోవడానికి అవకాశం ఉంది. వస్త్రపు జారు, జడ, ఆభరణం, ద్వారబంధం పై వంపు రంగు లేకున్నా కనిపిస్తాయి.

అయినా ఈ చిత్రాలు ఆయన అభ్యాసాన్ని పూర్తిగా వాడుకోలేదు. అత్రి ఆశ్రమం ఏ నది ఒడ్డున, ఏ శతాబ్దిలో అన్న ప్రశ్న అనసూయ కథలో రాదు. ఉత్తానపాదుని కొలువుకు చరిత్ర లేదు. ధార్వాడవారి తెరలలోని అడవీ దర్బారే ఇక్కడ మూడు గోడల రూపం ధరించాయి. అమరావతి ఫలకాలను చదివిన మనిషికి దొరికిన పని ఏ కాలానికీ చెందని ఆశ్రమాన్ని అందంగా కట్టడం. 'మీరాబాయి'కి కాలమూ చోటూ ఉన్నాయి. అయితే అవి రాజపుత్రస్థానానివి, తెలుగు చిత్రకారుని సొంత శోధనకు బయటివి.

పదజాలం గురించి ఒక మాట. అమెరికాలో విలియం కామెరాన్ మెంజీస్‌కు 'గాన్ విత్ ద విండ్' (1939) సందర్భంగా ప్రొడక్షన్ డిజైనర్ అన్న పేరు ప్రత్యేకంగా ఇచ్చారు. సెట్టు గీయడంతో ఆగక చిత్రం మొత్తం రూపాన్ని ముందుగా ఊహించే పనికి అది గుర్తింపు. తెలుగులో ఆ పేరు చాలాకాలం రాలేదు, కళాదర్శకుడు అన్న మాటే సాగింది. ఆశ్చర్యమేమిటంటే తెలుగు మాటలోనే ఆ పెద్ద అర్థం దాగి ఉంది. దర్శకుడు అంటే చూపేవాడు మాత్రమే కాదు, ముందుగా చూసినవాడు కూడా.

5. సమకాలికుడు శేఖర్

ఇదే కాలంలో మద్రాసులో మరొక పద్ధతి బలపడింది. ఛాయాగ్రాహకుడు కె. రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్ జంటగా పనిచేస్తూ, బి.ఎన్. రెడ్డితో కలిసి వాహినీ సంస్థలో 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) చిత్రాలకు రూపమిచ్చారు. ఇవి సాంఘికాలు. తమ కాలపు ఇల్లు, హాలు, వంటగది, వసారా వీటికి కావాలి. శేఖర్ స్టూడియో మనిషి. కెమెరా ఎక్కడ ఉంటుందో, దీపం ఎక్కడినుండి పడుతుందో తెలిసి గోడను నిలబెట్టినవాడు. బాపిరాజు బయటినుండి వచ్చిన విద్వాంసుడు. తెలుగు కళాదర్శకత్వం తరువాత ప్రధానంగా నడిచినది శేఖర్ దారిలోనే. అది న్యాయమే. నెలజీతంపై స్టూడియోలో ఉండి వడ్రంగులతో, రంగులవారితో రోజూ పనిచేసేవాడే ఆ వృత్తిని వృత్తిగా నిలపగలడు. అప్పుడప్పుడు వచ్చి బొమ్మలు ఇచ్చి, మళ్లీ కళాశాలకో పత్రిక కార్యాలయానికో వెళ్లే మనిషి దానిని నిలపలేడు. బాపిరాజుకు ఏ ఒక్క పనిలోనూ కట్టుబడి ఉండే స్వభావం లేదు. ఆయన అభిమానులు దానిని బహుముఖ ప్రజ్ఞ అన్నారు. సినిమా దృష్టితో చూస్తే అది నష్టం.

అయితే చిత్రసీమను ఆయన పైపైన చూసి వదలలేదు. 'కోనంగి' నవల నాయకుడు సినిమా నటుడవుతాడు. మద్రాసు స్టూడియో జీవితం అందులో కథాభాగం. తెలుగు నవలలోకి సినిమా ఒక పనిచోటుగా ఇంత తొందరగా రావడానికి, రచయిత ఆ ఆవరణలో తిరిగినవాడు కావడమే కారణం.

6. కట్టని సెట్లు: హిమబిందు, గోన గన్నారెడ్డి

1940లలో వెలువడిన చారిత్రక నవలలను ఈ నేపథ్యంలో తిరిగి చదవాలి. 'హిమబిందు'లో ధాన్యకటకం, శాతవాహనుల కొలువు, వర్తకుడు చారుగుప్తుని భవనం ఉన్నాయి. నాయకుడు సువర్ణశ్రీ శిల్పి, శిల్పి కుమారుడు. 'గోన గన్నారెడ్డి'లో కాకతీయుల ఓరుగల్లు, కోటలు, సేనలు ఉన్నాయి. 'అడివి శాంతిశ్రీ'లో ఇక్ష్వాకుల విజయపురి ఉంది. ఈ నవలలలో వర్ణనలు కథ నడకను ఆపుతాయని విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఒక పాత్ర గదిలోకి వస్తే ఆమె చీర, కంచుకం, కంఠాభరణం, తలకట్టు, గది స్తంభాలు, దీపపు సెమ్మె వరుసగా చెప్పినదాకా సంభాషణ మొదలు కాదు.

కాని ఆ వర్ణనల క్రమాన్ని గమనిస్తే వేరొకటి కనిపిస్తుంది. కావ్యవర్ణన సాధారణంగా ఉపమానంతో నడుస్తుంది: భవనం కైలాసంలా ఉంది, కన్నులు కలువలలా ఉన్నాయి అని. బాపిరాజు ఆ పద్ధతిని విడిచిపెట్టలేదు, ఆయన భావకవి. దాని పక్కనే మరొక పద్ధతి నడుస్తుంది: ఏది ఎక్కడ ఉంది, దేనితో చేసినది, ఎవరు ఎటునుండి వస్తారు, వెలుగు ఎక్కడినుండి పడుతుంది. ఇది రంగాలంకరణకు రాసుకున్న సూచనపత్రం తీరు. నవలలో పాత్రలు ధరించిన దుస్తులకు వారి అంతస్తుకూ ప్రాంతానికీ ఉన్న సంబంధం చెప్పడంలో ఆయన చూపిన పట్టుదల సాహిత్య అవసరాన్ని మించినది. వర్తకుని కుమార్తె రాకుమారి ఆభరణం ధరించకూడదన్న పట్టింపు చదువరికి అక్కరలేదు. దుస్తుల పెట్టె తెరిచే మనిషికి కావాలి.

ఆ రోజులలో శాతవాహన ధాన్యకటకాన్ని స్టూడియోలో కట్టే ధనం ఏ తెలుగు నిర్మాత వద్దా లేదు. పురాణం ఆడుతున్నంతకాలం కట్టవలసిన అవసరమూ వారికి తోచలేదు. గోన గన్నారెడ్డి, రుద్రమదేవి పాత్రలు భారీ కట్టడాల నడుమ తెరపైకి రావడానికి 2015 నాటి 'రుద్రమదేవి' వరకు ఆగవలసి వచ్చింది. దానికి కళాదర్శకుడు తోట తరణి. ఆయన తండ్రి తోట వెంకటేశ్వరరావు కూడా కళాదర్శకుడే.

7. కారెంపూడికి దారి

గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) తీసిన దర్శకుడు. ఆయన పల్నాటి కథను ఎంచుకోవడంతో బాపిరాజు అభ్యాసానికీ తెలుగు సినిమా అవసరానికీ మొదటిసారి పొంతన కుదిరింది. పల్నాటి యుద్ధానికి చోటు ఉంది: మాచర్ల, గురజాల, కారెంపూడి. కాలం ఉంది: పన్నెండవ శతాబ్ది. నిలిచిన ఆనవాళ్లు ఉన్నాయి: మాచర్ల చెన్నకేశవాలయం, కారెంపూడి వీరుల గుడి. ఏటా కార్తికంలో ఆ వీరులను తలచి ఉత్సవం చేసే జనం ఉన్నారు. విజయనగరం ప్రేక్షకునికి బొంకులదిబ్బ ఎటువంటిదో, పల్నాటి ప్రేక్షకునికి నాగులేరు అటువంటిది. తప్పు కడితే అతనికి తెలుస్తుంది.

పైగా ఇది చక్రవర్తుల కథ కాదు. చిన్న రాజ్యాలు, మంత్రులు, దాయాదుల కథ. కోడిపందెం ఇందులో రాజ్యాన్ని మారుస్తుంది. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెడతాడు. కన్నమదాసు సేనాని. నాగమ్మ గ్రామం నుండి వచ్చి మంత్రిణి అవుతుంది. ఇటువంటి కథకు పౌరాణిక చిత్రాల పాలరాతి మెట్లు, నెమలి సింహాసనం అతికితే కథే చెడుతుంది. మట్టిగోడ, రాతికట్టు, పందెపు బరి, పంక్తిలో పరచిన చాపలు ఇక్కడ దృశ్యానికి మూలం. కొలువుకూటం కూడా ఒక పెద్ద గ్రామాధికారి లోగిలికి దూరపు చుట్టంలా ఉండాలి. ధాన్యకటకపు ఊహలలో తిరిగిన చిత్రకారునికి ఈ ముతకదనం సులువు కాకపోవచ్చు. అయితే గోదావరి గట్టున కూర్చోబెట్టి ఎదుట ఉన్నదానిని గీయించిన కూల్డ్రే పాఠానికి ఇంతకంటే తగిన సందర్భం రాలేదు.

ఆ సంవత్సరాలలో బాపిరాజు హైదరాబాదులో 'మీజాన్' దినపత్రిక తెలుగు విభాగానికి సంపాదకుడు. చిత్రం నిర్మాణంలో ఉండగా రామబ్రహ్మం జబ్బుపడి 1946 అక్టోబరులో మరణించాడు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. 1947లో చిత్రం విడుదలైంది. నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు, బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. అప్పటికి బాపిరాజు వయస్సు యాభై దాటింది. ఆ తరువాత ఆయన చూపు మళ్లీ గోడచిత్రాల వైపు మళ్లింది. సింహళానికి వెళ్లి సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు రాశాడు. 1952 సెప్టెంబరు 22న కన్నుమూశాడు.

మూడేళ్ల తరువాత, 1955లో, పి. పుల్లయ్య దర్శకత్వంలో వినోదా సంస్థ 'కన్యాశుల్కం' చిత్రాన్ని విడుదల చేసింది. పల్నాటి బ్రహ్మనాయుడైన గోవిందరాజుల సుబ్బారావు అందులో లుబ్ధావధాన్లు.